మిషను పిట్ట వచ్చిన తేదీ

ఇనుప కడ్డీ కొసను వాల్వు మీద ఆనించి, పై చివరనున్న చెక్క గిన్నెకు కుడిచెవి అదిమిపెట్టి, మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తెల్లవారి పావుగంటయింది. బేకరీ షట్టరు సగం లేచి ఉంది. మొదటి బస్సు రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. బస్సులు మొదలయ్యాయంటే ఆ రోడ్డు మీద ఆయన పని ఆ పూటకి అయిపోయినట్టే.

భూమిలో నీళ్ళ గొట్టం ఎక్కడైనా పగిలితే నీళ్ళు పైకి కనబడటానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి అసలు కనబడవు, పక్కనున్న ఏ కాలవలోకో దారి చూసుకుంటాయి. గొట్టం మాత్రం పగిలిన దగ్గర్నుంచీ బొంగురుగా మూలుగుతూనే ఉంటుంది. ఆ మూలుగు వినడం మేస్త్రి ఉద్యోగం. నీళ్ళ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన చేసింది అదొక్కటే. వాల్వు నుంచి వాల్వుకి నడుస్తాడు, కడ్డీ ఆనిస్తాడు, వింటాడు. మూలుగు పెద్దదవుతుంటే ముందుకు, చిన్నదవుతుంటే వెనక్కి. చివరికి ఒక చోట నిలబడి, బూటు మడమతో రోడ్డు మీద రెండుసార్లు తడతాడు. తవ్వేవాళ్ళు అక్కడే తవ్వుతారు. పగులు అక్కడే ఉంటుంది.

మనిషి సన్నం. ఏళ్ళ తరబడి ఒకే పక్కకి వంగి వినడం వల్ల మెడ కొంచెం కుడివైపుకే ఉండిపోయింది. ఫొటో తీయించుకుంటే తీసేవాడు తప్పనిసరిగా వచ్చి తల సరిచేసి వెళ్ళేవాడు, వాడు కెమెరా దగ్గరికి చేరేలోగా తల మళ్ళీ మొదటికొచ్చేది. కుడిచెవి తమ్మె మీద పెసరగింజంత కాయ కాసింది. ఆఫీసులో ఆయన్ని పాముచెవులాయన అంటారు. ఆయన వరండాలోంచి పోతుంటే, ఇంజనీరు గురించి మాట్లాడుకునేవాళ్ళు టక్కున వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెడతారు. శాఖవాళ్ళు ఐదేళ్ళ క్రితం లీకులు పట్టే మిషను ఒకటి కొన్నారు. దాని బ్యాటరీని ముందు రోజు ఛార్జింగు పెట్టాలి. పెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు కాబట్టి అది స్టోరు రూములో భద్రంగా ఉంది.

మేస్త్రి కళ్ళు తెరిచి, నాలుగడుగులు బేకరీ వైపు వేసి, మడమతో రెండుసార్లు తట్టాడు. వ్యాను డ్రైవరు వచ్చి ఆ చోట సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. డ్రైవరు నలభై దాటినవాడు. పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే వ్యాను. ఇంజను చప్పుడు బట్టి బండికి ఏం జబ్బు చేసిందో చెప్పగలనని అతని ధీమా, అది చాలావరకు నిజమే. మొన్నటిదాకా పాత ఫిల్టరు బెడ్ల గేటు చూసుకున్న అతన్ని వేరే వార్డుకి వేసి, ఆ తాళం కూడా ఇతనికే అప్పగించారు. అందుకని ఆ రోజు, ఎన్నడూ లేనిది, మేస్త్రితో పాటు డ్రైవరు కూడా గేటు దాటి లోపలికి వచ్చాడు. బయట వ్యానులో కూర్చుని తినడం కంటే గట్టు మీద కూర్చుని తినడం హాయిగా ఉంటుందనుకున్నాడు. అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదు.

పాత ఫిల్టరు బెడ్లంటే సిమెంటు గోడల మధ్య ఆరు పెద్ద మడులు. ఒకప్పుడు ఊరి నీళ్ళన్నీ అక్కడి ఇసకలోంచి దిగి వడకట్టుకుని వెళ్ళేవి. కొత్త ప్లాంటు కట్టాక వీటిని వదిలేశారు. వాన నీళ్ళు నిలిచి, మనిషెత్తు జమ్ము పెరిగింది. చుట్టూ ముళ్ళకంచె, గేటుకి తాళం. బయటివాళ్ళకు ప్రవేశం లేదు. పిట్టలకు మాత్రం ఎవరూ తాళం వేయలేదు. ఏటా వసంతం మొదలయ్యేసరికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ జమ్ములో దిగుతాయి. తోకాడించేవి ముందు, బాతులు తరవాత, ఆ తరవాత అన్నిటికంటే చిన్నది, గోధుమరంగుది, కంటికి ఎప్పుడూ కనబడనిది ఒకటి. దానికి పుస్తకంలో ఒక పొడుగాటి పేరుంది. మేస్త్రి ఇంట్లో దాన్ని మిషను పిట్ట అంటారు. అది పాడదు, మిగతా పిట్టల్లా కూయదు. జమ్ము మొదట్లో ఎక్కడో నక్కి కూర్చుని, పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు సన్నగా, ఒకే శ్రుతిలో, రెండేసి మూడేసి నిమిషాలు ఆపకుండా చప్పుడు చేస్తుంది. అది వచ్చిందని తెలియడానికి ఆ చప్పుడు తప్ప వేరే ఆధారం లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు మొదటిసారి విన్న తేదీని మేస్త్రి రాస్తున్నాడు. ఊళ్ళో పక్షుల సంఘం ఒకటుంది. పదిహేను మంది సభ్యులు, అందులో పన్నెండు మందికి మోకాళ్ళ నొప్పులు. దాని కార్యదర్శి ఒక సైన్సు మాస్టారు. ఆ సంఘం ఏటా ఏ పిట్ట ఏ రోజు వచ్చిందో అచ్చువేసిన కాగితం మీద నింపుకుంటుంది. మిషను పిట్ట ఈ బెడ్లకు తప్ప ఇంకెక్కడికీ రాదు, ఇక్కడికి మేస్త్రి తప్ప ఎవరూ రారు. కాబట్టి దాని వరుస మొత్తం మేస్త్రి చేతిరాతే. ఆయన జీవితంలో ఆయన పేరు అచ్చయ్యే చోటు అదొక్కటి.

ఈ ఏడు మార్చి ఇరవయ్యో తేదీ నుంచి రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడుతున్నాడు. ఇవాళ ఏప్రిల్ పన్నెండు. ఇంకా రాలేదు. అందులో వింతేమీ లేదు, తొమ్మిదేళ్ళుగా అది ఏటేటా ఆలస్యంగానే వస్తోంది. ఒకటో తేదీకి వచ్చేది నాలుగుకి, ఏడుకి, పదకొండుకి జరిగింది. పోయినేడు పంతొమ్మిదిన వచ్చింది. అన్ని పిట్టలూ ఎండలు ముందే ముదురుతున్నాయని ముందుగా వస్తుంటే, ఇదొక్కటే వెనక్కి పోతోంది. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. మాస్టారు ఆ సంగతి రాసి పంపిస్తే, దూరం నుంచి ఒక పరిశోధకురాలు ఆ ఒక్క పిట్ట కోసం వస్తానన్నది. ఆదివారం గ్రంథాలయం హాల్లో సభ. మేస్త్రి వేదిక మీద కూర్చోవాలి. సంఘం పుస్తకం రేపు పొద్దున్నే అచ్చుకి వెళుతుంది.

డ్రైవరు గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని బ్రెడ్డు పొట్లం విప్పాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం మధ్యలో ఆపాడు.

"అన్నా, ఇక్కడ మోటారు ఇంకా నడుస్తోందా? బేరింగు ఎండిపోయింది. గ్రీజు పెట్టకపోతే ఇవాళో రేపో పట్టేస్తుంది."

బెడ్ల పక్క పాత పంపుహౌసులో మోటార్లు తీసేసి పదిహేనేళ్ళయింది. మేస్త్రి ఆ మాటే చెప్పాడు. మరి ఆ చప్పుడేమిటని డ్రైవరు వేలు చూపించాడు. ఆ వేలు పంపుహౌసు వైపు లేదు. మూడో మడిలో, పది గజాల దూరాన, జమ్ము మొదలు వైపు ఉంది.

ఎలా ఉంది చప్పుడు, అని మేస్త్రి అడిగాడు. ఎవరో దూరంగా కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉందన్నాడు డ్రైవరు. మిషను పిట్ట అన్న పేరు మేస్త్రి ఇల్లు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు.

"ఇప్పుడుందా?"

"ఉంది."

"ఇప్పుడు?"

"ఉందన్నా. నీకు వినబడట్లేదా?"

మేస్త్రి మెడ ఇంకాస్త కుడివైపుకి వంచాడు. గాలి లేదు, జమ్ము కదలడం లేదు, ఊరు ఇంకా పూర్తిగా లేవలేదు. అంత నిశ్శబ్దంలో గట్టు అవతల సిమెంటు తూములోంచి చుక్క చుక్కగా నీళ్ళు పడటం ఆయనకు వినబడుతోంది. డ్రైవరు గొంతులో బ్రెడ్డు దిగడం వినబడింది. పిట్ట లేదు. చేతిలో కడ్డీ ఉంది కాబట్టి, తను చేస్తున్నది ఎంత తెలివితక్కువ పనో తెలిసికూడా, దాన్ని కంచె గుంజకు ఆనించి చెవి పెట్టాడు. గుంజలోంచి దూరపు రోడ్డు రొద వినిపించింది. డ్రైవరు కాసేపు చూసి, తల పక్కకి తిప్పుకుని, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బ్రెడ్డు ఇంకా సగం ఉంది.

మేస్త్రికి ముందు సిగ్గేసింది. తరవాత భయం వేసింది. అది ఉద్యోగం గురించి కాదు. పొద్దుట బేకరీ ముందు మూలుగు ఆయన చెవికి మేళంలా వినబడింది. లావు చప్పుళ్ళన్నీ అలాగే ఉన్నాయి. అలా ఉండబట్టే ఇన్నేళ్ళూ తన చెవుల మీద ఆయనకు ఈగంత అనుమానం కూడా రాలేదు. పోయింది పై శ్రుతిలో ఉండే సన్నటి చప్పుడు. అది కూడా ఒక్కరోజులో పోలేదు, ఏడాదికి కొంచెం కొంచెంగా పోయింది. పిట్ట దగ్గరికొచ్చి కూర్చున్న రోజున మాత్రం వినబడి ఉంటుంది. అది ఒక ఏడు నాలుగో తేదీ అయింది, ఇంకో ఏడు పదకొండు. తొమ్మిదేళ్ళ వరుస ఆయన కళ్ళ ముందు నిలబడింది.

డ్రైవరు వ్యాను క్వార్టర్ల వైపు తిప్పాడు. మలుపు దగ్గర, ఇదేమన్నా కోర్టు కేసా అన్నా, ఎవరికి తెలుస్తుంది, తన మట్టుకు తాను ఎవరికీ చెప్పనన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మేస్త్రి మలుపులోనే దిగిపోయాడు.

క్వార్టర్లు ఫిల్టరు బెడ్లకు ఆనుకునే ఉంటాయి. మేస్త్రి ఇంటి పెరటి గోడ దాటితే కంచె, కంచె దాటితే మూడో మడి. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి. ఆయన భార్య కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఒక నీలం లాగుకి అంచు కుడుతోంది. ఆవిడ మనిషి గట్టిది, చేతులు పొట్టివి, మాట తక్కువ. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక మాట ఇంకా తగ్గింది.

మేస్త్రి కడ్డీని తలుపు మూల నిలబెట్టి, బూట్లు విప్పకుండానే అడిగాడు.

"పిట్ట వచ్చిందా?"

ఆవిడ అరచేత్తో మిషను చక్రం ఆపింది.

"చెప్పమంటారా?"

"చెప్పు."

"పదకొండు రోజులైంది. ఒకటో తారీకు పొద్దున. పాలు పొంగుతున్నాయి, అప్పుడు విన్నాను."

మరి నాకెందుకు చెప్పలేదని ఆయన అడగబోయి ఆగాడు. ఆ జవాబు ఆయనకే తెలుసు.

మాస్టారు మొట్టమొదట కాగితం చేతికిచ్చినప్పుడు ఒకే ఒక్క నియమం చెప్పాడు. మీ చెవితో విన్నదే రాయండి, ఎవరో చెబితే విన్నది రాయకండి అని. మేస్త్రి ఆ నియమాన్ని ఇంటికి పట్టుకొచ్చాడు. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. ఆ మరుసటి వసంతంలో ఒక పొద్దున ఆవిడ అంట్లు తోముతున్నదల్లా తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, వచ్చిందండీ, అని నిద్ర లేపింది. ఆయన లేచి విన్నాడు, నిజంగానే వచ్చింది. కాని ముందు విన్నది ఆవిడ మాట, తరవాత పిట్ట. ఆ ఏడు గడి ఖాళీగా వదిలేశాడు. మూడు రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆ తరవాత ఆ ఇంట్లో పిట్ట వచ్చిందన్న మాట ఎవరి నోటా రాలేదు. కూతుళ్ళు పుట్టి పెరిగాక వాళ్ళకదొక ఆట అయింది. పిట్ట కూసిన పొద్దున ముగ్గురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, నాన్న ఎప్పుడు వింటాడా అని వంటింట్లో నక్కి చూసేవాళ్ళు. ఆ రోజుల్లో ఆ నిరీక్షణ గంటో రెండు గంటలో ఉండేది. ఆయన పెరట్లోకి వెళ్ళి, మెడ కుడివైపుకి వంచి, నవ్వుకుంటూ లోపలికి వచ్చి కలం వెతుక్కునేవాడు. కలం అప్పటికే బల్ల మీద ఉండేది. అది అక్కడికి ఎలా వచ్చిందని ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

"పోయినేడు?" అన్నాడు.

పోయినేడు ఆయన కంటి పరీక్షకి వెళ్ళిన మర్నాడు. అంటే మార్చి ముప్ఫై. అంతకు ముందేడు పెద్దమ్మాయి రెండో కాన్పుకని ఆవిడ ఊరు బయల్దేరిన రోజు. బ్యాగు పుచ్చుకుని గుమ్మంలో నిలబడితే గోడవతల నుంచి వినబడింది, ఆయన పక్కనే తాళంచెవి వెతుక్కుంటున్నాడు, ఆవిడ ఏమీ అనకుండా బస్సెక్కేసింది. ఇంకో ఏడు వంటింటి పంపు కారి ఇల్లంతా నీళ్ళయిన రోజు. ఊరందరి లీకులూ పట్టే మనిషి ఇంట్లో పంపు వారం రోజులు కారింది కాబట్టి ఆవిడకు ఆ తేదీ బాగా గుర్తుంది. మరికొన్ని ఏళ్ళకు గ్యాసు బండ మార్చిన రోజే గుర్తు, ఆ తేదీలు క్యాలెండర్ల మీద ఉన్నాయి. పాత క్యాలెండర్లు అలమార అరల్లో పరిచి ఉన్నాయి. గిన్నెలు తీసి, పక్కన పెట్టి, ఒక్కొక్కటే పైకి లాగారు. తొమ్మిదేళ్ళలో ఆరేళ్ళకు తేదీ తేలింది. అన్నీ మార్చి ఇరవై తొమ్మిదికీ ఏప్రిల్ రెండుకీ మధ్యనే.

మిగతా మూడేళ్ళ గురించి ఆవిడ చాలాసేపు ఆలోచించింది. గుర్తు రావడం లేదు, ఉజ్జాయింపుగా చెప్పమంటే చెబుతానంది. వద్దన్నాడు. గుర్తు లేకపోతే లేదనే రాద్దామన్నాడు.

గిన్నెలు మళ్ళీ అరలో సర్దుతూ, ఆవిడ ఆయన వైపు చూడకుండా అంది.

"మీకు వినబడటం లేదని నాలుగేళ్ళ కిందటే తెలుసు నాకు. చెబితే మీరిక పెరట్లోకి వెళ్ళి నిలబడటం మానేస్తారని చెప్పలేదు."

ఆ నాలుగేళ్ళూ ఆవిడ చేయగలిగిందంతా చేసింది. పిట్ట కూస్తున్నప్పుడు బట్టలు ఆరేయమని పెరట్లోకి పంపింది. ఆయన పక్కనున్న కిటికీ తెరిచింది. మిషను తొక్కడం ఆపేసి, చేతిలో పని లేకపోయినా ఉన్నట్టు కూర్చుంది. నియమాన్ని మాత్రం దాటలేదు. మేస్త్రికి అవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆవిడ మీద ఆయనకు చెప్పలేనంత ప్రేమ కలిగింది. భోజనం తరవాత చేస్తానని చెప్పి, కాగితాలు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

మాస్టారు గ్రంథాలయం వెనకగదిలో ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళు. చొక్కా మోచేతులకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది. బల్ల నిండా పెద్ద అట్ట పరిచి, దాని మీద రంగు గీతలు దిద్దుతున్నాడు. మిగతా పిట్టల నీలం గీతలన్నీ ఏటేటా కిందికి దిగుతున్నాయి. మిషను పిట్టది, ఎర్రగీత ఒక్కటే తొమ్మిదేళ్ళుగా పైకి ఎక్కుతోంది. ఎర్రగీత చివర మేస్త్రి పేరు అందంగా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

మేస్త్రి మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ భుజం లాగుతోంది. కడ్డీ మోసి మోసి ఆ భుజం లాగడం మామూలే. ఆయాసం తీరాక జరిగిందంతా వరసగా చెప్పాడు. నీళ్ళు నమలలేదు.

మాస్టారు కుంచె నీళ్ళలో ముంచి, అది శుభ్రపడ్డాక కూడా తిప్పుతూనే ఉన్నాడు. మొదట నమ్మనన్నాడు. తరవాత, గ్యాసు బండ తేదీలు పట్టుకుని రికార్డు దిద్దితే శాస్త్రమనేది ఏమైపోతుందన్నాడు. తరవాత గొంతు తగ్గించి, ఆ పరిశోధకురాలు అంత దూరం నుంచి ఈ ఒక్క గీత కోసం వస్తోంది, ఆదివారం ఒక్కటీ దాటనిద్దామా, ఆ తరవాత నెమ్మదిగా కింద ఒక మాట చేరుద్దామా అని అడిగాడు. మాస్టారు అబద్ధాలకోరు కాదు. నలభై ఏళ్ళలో ఆయన సంఘానికి బయటివాళ్ళు ఎవరైనా వస్తాననడం ఇదే మొదలు.

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. వేదిక మీద కుర్చీ ఆయన కూడా ఊహించుకున్నాడు. ఆదివారానికని భార్య ఆయనకు కొత్త చొక్కా కుట్టింది, కాలరుకి కాజా ఇంకా మిగిలి ఉంది. మాస్టారి మాటకి సరేనంటే ఎవరూ తప్పుపట్టరు. సరేనందామని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"పిట్ట టైముకే వచ్చిందండీ మాస్టారూ. దాని మీద లేనిపోని నింద ఎందుకు?"

మాస్టారు నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగింది. కుంచె గుడ్డకు తుడిచి పక్కన పెట్టాడు.

"నాకది ఎప్పుడో పోయింది మేస్త్రిగారూ. దాన్ని విని పన్నెండేళ్ళయింది. మా ఇల్లు దూరం కదా, అందుకని అనుకునేవాణ్ణి. మీవి పాముచెవులు, మీరున్నారు కదా అని ధైర్యంగా ఉన్నాను."

 తరవాత మాస్టారు తెల్లకాగితం కత్తిరించి, జిగురు రాసి, తొమ్మిదేళ్ళ మీదా అంటించాడు. దాని మీద ఆరు చుక్కలు పెట్టాడు. మూడుచోట్ల ఏమీ పెట్టలేదు. చుక్కల పక్కన విన్నవారి పేరు రాయాలి కదా అన్నాడు. మేస్త్రి తన భార్య పేరు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ పరిచయంలో మాస్టారు ఆ పేరు వినడం అదే మొదటిసారి. రెండుసార్లు చెప్పించుకుని, తప్పులేకుండా రాశాడు. ఈ ఏటిది మాత్రం పద్ధతి ప్రకారం జరగాలి, సాయంత్రం ఆవిడను బెడ్ల దగ్గరికే తీసుకెళ్ళి, ఏ మడిలో, ఎంతసేపు కూసిందో రాసుకురమ్మన్నాడు.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గట్టు ఎక్కలేదు. గేటుకి తాళం ఉండటం ఒక కారణం. పిట్ట కూస్తే తన ముఖంలో తెలిసిపోతుందని ఆవిడ భయం, అది రెండో కారణం. సాయంత్రం ఐదున్నరకు డ్రైవరు గేటు తీసిపెట్టి, వ్యానులో కూర్చున్నాడు. మేస్త్రి కడ్డీ తేలేదు. ఆవిడకు మోకాళ్ళ నొప్పి కాబట్టి వంటింట్లోని చెక్క స్టూలు చంకన పెట్టుకుని తెచ్చాడు. గట్టు ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగాడు. స్టూలుకి ఒక కాలు పొట్టిది, కదిలిస్తే టకటకలాడుతుంది. ఆయన జేబురుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ కాలి కింద దోపాడు. చేత్తో అదిమి చూసి, ఇక కూర్చోమన్నాడు. తను పక్కనే సిమెంటు అంచు మీద కూర్చుని, కంచె గుంజకు వీపు ఆనించాడు.

ఎండ జమ్ము కొసల మీద ఉంది. రెండు బాతులు నీళ్ళ మీద దిగి, తల ముంచి, మళ్ళీ లేచి పోయాయి. తోకాడించే పిట్ట ఒకటి గోడ మీద అటూ ఇటూ పచార్లు చేసింది. అవన్నీ ఆయనకు కనబడుతూనే ఉన్నాయి.

కూసినప్పుడు నోటితో చెప్పొద్దు, వేలు ఎత్తు చాలు, అన్నాడు. ఆవిడ తల ఊపింది.

కాసేపటికి ఆవిడ చూపుడువేలు ఒళ్ళోంచి పైకి లేచింది. కుట్టి కుట్టి సూదిపోట్లతో గరుకైన వేలు. ఆయన గడియారం చూసుకుని, మోకాలి మీద కాగితం పెట్టి రాశాడు. వేలు అలాగే నిలబడి ఉంది. పిట్ట తల అటు తిప్పినట్టుంది, వేలు కొంచెం వంగింది. ఇటు తిప్పింది, మళ్ళీ నిటారయింది. ఆయన ఆ వేలినే చూస్తున్నాడు. రెండు నిమిషాల పది సెకన్లకు వేలు దిగింది. ఆయన నవ్వాడు. పాతరోజుల్లో పెరట్లోంచి లోపలికి వచ్చేటప్పటి నవ్వే అది. ఆవిడ చాలా ఏళ్ళ తరవాత చూసింది.

ఆ సాయంత్రం పిట్ట ఐదుసార్లు కూసింది. నాలుగింటికి కాగితం మీద సమయం ఉంది.

ఐదోసారి ఆవిడ వేలు ఎత్తేసరికి ఆయన తల కుడివైపుకి వాలి, చెవి గుంజకు ఆని ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పని చేసేటప్పుడు ఆయన అలాగే ఉంటాడు. వింటున్నాడనుకుంది. ఏమో, గుంజలోంచి ఏమైనా తెలుస్తోందేమో అనుకుంది. కదిలితే స్టూలు చప్పుడవుతుందని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. పిట్ట ఎప్పటికంటే ఎక్కువసేపు కూసింది. అంతసేపూ ఆవిడ వేలు దించలేదు.

"ఆగిందండీ," అంది చివరికి, చెప్పొద్దన్నా సరే.

ఇంకోసారి అంది. తరవాత లేచి, ఆయన భుజం మీద చేయి వేసింది. కేక వేయలేదు. గట్టు దిగి వెళ్ళి డ్రైవరును పిలిచింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చి, ఆయన ఛాతీ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె ఆగి అప్పటికే కొంత సేపయిందని ఆసుపత్రిలో చెప్పారు.

ఆదివారం సభ జరిగింది. పరిశోధకురాలు వచ్చింది. తెల్లకాగితం అంటించిన అట్టను చాలాసేపు చూసి, ఆరు చుక్కలనూ మూడు ఖాళీలనూ తన పుస్తకంలో ఎక్కించుకుంది. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగానే ఉంది, కార్యక్రమం గంటంబావులో ముగిసింది. మేస్త్రి స్థానంలో ఎవరినీ వేయలేదు. స్టోరు రూములోని మిషనుకు ఛార్జింగు పెట్టే బాధ్యత డ్రైవరు మీద పడింది. పొద్దున పూట మూడో మడి వైపు నుంచి మిషను పిట్ట చప్పుడు రావడం ఇంకో రెండు నెలలు ఉంది. క్వార్టర్లో ఆ చప్పుడు విని మేస్త్రి భార్య కుట్టుమిషను చక్రం మీద అరచేయి పెట్టేది, అది ఆగాక మళ్ళీ తొక్కేది.

గట్టు మీద వదిలేసిన స్టూలు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. డ్రైవరు ఒకసారి చూసి, ముట్టుకోకుండా గేటు తాళం వేసి వచ్చేశాడు. వానలకు దాని చెక్క నల్లబడింది, మూడు కాళ్ళు మట్టిలోకి కాస్త దిగాయి. నాలుగో కాలి కింద, నాలుగు మడతలు పెట్టిన జేబురుమాలు ఉంది.